దొంగతనం, దోపిడీ, లూటీ: ఏ ఇంగ్లీషు మాట ఎక్కడ వాడాలి?

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. స్టీల్, రాబ్, లూట్, ప్లండర్, బర్గ్లరీ, వాండలిజం, డెమాలిష్... నిఘంటువు తీస్తే సగం మాటలకు ‘దోచుకొను’, మిగతా సగానికి ‘నాశనం చేయు’ అనే ఉంది. నేను రాసిన మూడు వాక్యాలనూ మా సార్ ఎర్రసిరాతో కొట్టేశారు, ఎందుకో చెప్పలేదు. ఒకటి: ‘మై మొబైల్ వాజ్ రాబ్డ్ ఇన్ ద బస్’. రెండు: ‘ద సైక్లోన్ డెమాలిష్డ్ అవర్ విలేజ్ అండ్ కాజ్డ్ మెనీ డ్యామేజెస్’. మూడు: ‘సమ్ థగ్స్ లూటెడ్ మై అకౌంట్ విత్ ఓటీపీ’. తప్పెక్కడుందో చెప్తారా?

సమాధానం:

ఇరవై ఏళ్లకు పైగా తెలుగు పత్రిక డెస్కులో కూర్చుని ఇంగ్లీషు ఏజెన్సీ వార్తలను తెలుగు చేశాను. నేరాల పేజీ చాలాకాలం నా నెత్తినే ఉండేది. కాబట్టి ఈ మాటలతో నాకు పాత పరిచయం, కొన్నిటితో పాత గొడవ కూడా.

నిఘంటువు అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పింది. ఈ మాటలన్నీ ఒక ఇంటివే అయినా ఒక్కోటి ఒక్కో వైపు చూస్తుంది. ఒకటి పోయిన వస్తువు వైపు, ఒకటి పోగొట్టుకున్న మనిషి వైపు, ఇంకోటి తలుపు గడియ వైపు, మరోటి నమ్మకం వైపు. మాట ఎటు చూస్తోందో కనిపెడితే చాలు, పర్యాయపదాల పట్టీ బట్టీ పట్టక్కర్లేదు.

మీ మొదటి వాక్యం చూద్దాం. స్టీల్ వస్తువు వైపు చూస్తుంది, రాబ్ మనిషి వైపో చోటు వైపో చూస్తుంది. ఫోన్‌ను స్టీల్ చేస్తారు, మిమ్మల్ని రాబ్ చేస్తారు. బ్యాంకును రాబ్ చేస్తారు, అందులోని డబ్బును స్టీల్ చేస్తారు. బ్యాంకును స్టీల్ చేశారంటే భవనాన్ని పునాదులతో సహా లారీలో వేసుకుపోయారని అర్థం. ఒకసారి ఒక ట్రెయినీ కుర్రాడు ‘ఐ వాజ్ స్టోలెన్ ఇన్ ద ట్రైన్’ అని రాసుకొచ్చాడు. నిన్నెవరు ఎత్తుకుపోయారు బాబూ, మళ్లీ ఎప్పుడు దింపారు అని అడిగాం.

ఈ తేడా మనకు తెలియనిది కాదు. ‘నన్ను దొంగిలించారు’ అని తెలుగులో ఎవరూ అనరు, ‘నన్ను దోచుకున్నారు’ అంటారు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మన ‘దోచుకోవడం’ రెండు వైపులా సాగుతుంది. ‘ఇల్లు దోచుకున్నారు’, ‘నగలు దోచుకెళ్లారు’ రెండూ మనకు సరే. ఇంగ్లీషు రాబ్‌కు ఆ రెండోది లేదు. మీ వాక్యంలోకి తప్పు వచ్చిన దారి ఇదే. ‘మై మొబైల్ వాజ్ స్టోలెన్ ఇన్ ద బస్’ అని రాస్తే మీ సార్ కొట్టేయరు. ఇంకోటి, థెఫ్ట్ అనేది నామవాచకం. ‘దే థెఫ్టెడ్’ అనే మాట ఏ ఇంగ్లీషులోనూ లేదు, మన ఇన్‌స్టా రీళ్లలో తప్ప.

రాబ్ గురించి నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. ఒంటిమీద వేసుకునే రోబ్‌కూ దీనికీ మూలం ఒకటే. ఓడినవాడి ఒంటిమీది బట్టలు ఒలుచుకోవడమే యుద్ధంలో మొదటి కొల్ల. ఆ ఒలుచుకున్న సొమ్ముకున్న పేరే ఫ్రెంచిలో బట్టకు పేరైంది. మన ‘నిలువుదోపిడీ’ తలచుకోండి. నిలబడ్డ మనిషి ఒంటిమీద ఉన్నదంతా ఒలిచేయడం. తిరుమలలో ఒంటినున్న నగలన్నీ హుండీలో వేస్తామని మొక్కుకునేవాళ్లు ఆ మొక్కును ఇదే మాటతో పిలుస్తారు. నేరం పేరును భక్తికి తెచ్చుకున్న భాష మనది.

ఇక నేరాల పేజీ. నేను చేరిన కొత్తలో ఒక పట్టణంలో, అందరూ పెళ్లికి వెళ్లిన ఇంట్లో తాళం పగలగొట్టి బంగారం పట్టుకుపోయారు. మా విలేకరి పంపిన వార్తకు నేను ‘పట్టపగలు దోపిడీ’ అని శీర్షిక పెట్టాను. మర్నాడు పొద్దున్నే అక్కడి ఎస్సై ఆఫీసుకు ఫోన్. ‘ఏమండీ, ఇంట్లో మనిషే లేకపోతే దోపిడీ ఎలా అవుతుంది? మా పైవాళ్లు నన్ను నిలదీస్తున్నారు, రాబరీ జరిగితే దొంగతనం కేసు ఎందుకు కట్టావని’ అని లబలబలాడాడు. నాకు చిన్నతనంగా అనిపించినా అతను చెప్పింది అక్షరాలా నిజం. ఆ రోజు శిక్షాస్మృతి పుస్తకం కొని టేబుల్ మీద పెట్టుకున్నాను.

అందులో లెక్క శుభ్రంగా ఉంటుంది. మీ చేతిలోని వస్తువును మీ అనుమతి లేకుండా, దక్కించుకోవాలనే దురుద్దేశంతో కదిలిస్తే థెఫ్ట్. మిమ్మల్ని బెదిరించి మీ చేత్తోనే ఇప్పించుకుంటే ఎక్స్‌టార్షన్. దొంగతనం చేస్తూనో, దొరికిన సొమ్ముతో పారిపోతూనో కొట్టినా, కట్టేసినా, చంపుతామని అప్పటికప్పుడు భయపెట్టినా రాబరీ. ఆ రాబరీకి అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి దిగితే డెకాయిటీ. నలుగురైతే కాదు. ఈ అయిదు అంకె 1860 నాటి శిక్షాస్మృతి (ఐపీసీ) 391వ సెక్షన్‌లో ఉంది, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 310వ సెక్షన్‌లోనూ అలాగే ఉంది. కొత్త చట్టంలో దొంగతనం 303, రాబరీ 309. మధ్యలో 304గా స్నాచింగ్ కొత్తగా వచ్చి చేరింది. మెడలో గొలుసు తెంపుకుని బైకు మీద మాయమయ్యేవాడికి ఇన్నాళ్లూ సొంత సెక్షన్ లేదు.

డెకాయిటీ మన దేశం నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాట, హిందీ డకైత్ నుంచి. ఈ ఉపఖండం దాటితే పెద్దగా చెల్లదు. డాలస్‌లో ఉన్న తెలుగువాళ్లు అక్కడి పోలీసుకు ‘డెకాయిటీ జరిగింది’ అని చెబితే అతను మొహం చూస్తాడు. అక్కడ ఆర్మ్డ్ రాబరీ అనాలి.

బర్గ్లరీ తలుపు వైపు చూసే మాట. ఏం పోయింది, ఎవరిది పోయింది అన్నది తర్వాత, ముందు లోపలికి ఎలా వచ్చాడన్నదే ప్రశ్న. మన చట్టం దీన్ని హౌస్‌బ్రేకింగ్ అంటుంది, ఇంట్లోకి దూరడానికో బయటపడడానికో ఆరు రకాల దారులు లెక్కపెట్టి మరీ చెబుతుంది. అక్కడ ఇచ్చిన మొదటి ఉదాహరణే, గోడకు కన్నం పెట్టి అందులోంచి చెయ్యి దూర్చడం. మట్టిగోడల ఇళ్ల కాలం నాటి మన కన్నపుదొంగ చట్టంలోకి ఎక్కి కూర్చున్నాడన్నమాట. ఇప్పుడు గోడలన్నీ సిమెంటువే అయినా ‘ఇంటికి కన్నం వేశారు’ అనే మాట పోలేదు, బర్గ్లరీకి అంతకంటే మంచి తెలుగు నేను చూడలేదు.

ఈ తేడా పరీక్షలకే అనుకోకండి. దుకాణదారులు బర్గ్లరీ ఇన్సూరెన్స్ తీసుకుంటారు కదా, అందులో బలవంతంగా చొరబడితేనే అని షరతు ఉంటుంది. గోదాములోంచి సరుకు పోయిన ఒక కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. పాలసీలో బర్గ్లరీ అని రాసుకున్నాక, బలప్రయోగం లేని మామూలు దొంగతనానికి పరిహారం రాదని. తాళం పగిలిన గుర్తు లేకపోతే పాలసీ ఉన్నా చేతికి వచ్చేది సున్నా. మా బంధువుల్లో ఒకాయన షాపులో పనివాడే మారుతాళంతో తీసి సరుకు తరలిస్తే, క్లెయిము ఫారంలో ఏ మాట రాయాలని నాకు ఫోన్ చేశాడు. జరిగిందే రాయమన్నాను. డబ్బు రాలేదు. ఆయన ఇప్పటికీ నన్నే అంటాడు.

నమ్మకం వైపు చూసేది ఎంబెజిల్. అప్పగించిన సొమ్మును అప్పగించుకున్నవాడే మింగడం. బయటి దొంగ ఎంబెజిల్ చేయలేడు, ఆ అర్హత క్యాషియరుకో సొసైటీ కార్యదర్శికో ఉంటుంది. తెలుగులో ‘నిధుల స్వాహా’ అని రాస్తాం, ఊళ్లో అయితే ‘కంచే చేను మేసింది’ అంటారు, ఆ సామెతే దీనికి అసలైన నిర్వచనం. ఇదే పని చిల్లర స్థాయిలో చేస్తే పిల్ఫర్, మన ‘చేతివాటం’. ఆఫీసు పెన్నులు, హోటల్ సబ్బులు. షాప్‌లిఫ్టింగ్, పిక్‌పాకెటింగ్ మీకు తెలిసినవే. రోడ్డు మీద ఆపి కొట్టి లాక్కుంటే మగ్గింగ్. పెద్ద పథకం వేసి బ్యాంకునో మ్యూజియాన్నో కొల్లగొడితే హైస్ట్. సినిమాల పుణ్యమా అని అదీ అందరికీ తెలుసు.

ఇప్పుడు లూట్. దీన్ని ఇంగ్లీషు మాటగా నేర్చుకుంటున్నాం గానీ ఇది మన దగ్గర్నుంచే పోయింది. 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ సైన్యాలతో పాటు హిందీ లూట్ ఇంగ్లీషులోకి ఎక్కింది. మనం తెలుగులో లూటీ అన్నాం, వాళ్లు లూట్ అన్నారు. మాటనూ లూటీ చేశారని ఎవరైనా అంటే కాదనలేం. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట కూలి టిప్పు సుల్తాన్ చనిపోయిన రాత్రి సైనికులు ఊరిమీద పడ్డారు. కొందరిని ఉరి తీస్తే తప్ప ఆ లూటీ ఆగలేదు. ఖజానా మాత్రం వేరు దారిలో వెళ్లింది. దాన్ని ప్రైజ్ అన్నారు, కూర్చుని విలువకట్టి హోదాల వారీగా పంచుకున్నారు. సిపాయి చేతిసంచీలో ఉంటే లూట్, అధికారి లెక్కలపుస్తకంలో ఉంటే ప్రైజ్! ఇంగ్లీషు సైనికుడి మీద పడి కొరుకుతున్న టిప్పు కొయ్యపులి ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

అందుకే లూట్ చూసేది పరిస్థితి వైపు. అడ్డుకునేవాడు లేనప్పుడు గుంపుగా ఎత్తుకుపోవడం. యుద్ధం, అల్లర్లు, కరెంటు పోయిన నగరం, వరద. మన హైవేల మీద కోళ్ల వ్యానో బీరు లారీయో బోల్తా పడినప్పుడు చూడండి. డ్రైవరు కాలు ఇరుక్కుని అరుస్తుంటాడు, పక్క ఊరివాళ్లు బిందెలు, గోనెసంచులు పట్టుకుని వస్తారు. ఒకాయన లుంగీ ఎగ్గట్టి రెండు చేతుల్లో నాలుగు కోళ్లు కాళ్లు పట్టుకుని తలకిందులుగా మోసుకుపోతుంటాడు. ఇంగ్లీషు పత్రిక దాన్ని నిర్మొహమాటంగా ‘లూటెడ్’ అంటుంది. మేము మాత్రం ‘కోళ్ల కోసం ఎగబడ్డ జనం’ అని రాస్తాం. వాళ్లు మా పాఠకులు కదా.

ప్లండర్ జర్మన్ మాట. మొదట దానికి ఇంటి సామాను, పాతబట్టలు, పరుపులు అని అర్థం. 1618 నుంచి 1648 దాకా యూరప్‌లో సాగిన ముప్పై ఏళ్ల యుద్ధంలో సైనికులు పల్లెల్లో పరుపులతో సహా ఎత్తుకుపోయారు, మాట ఇంగ్లీషులోకి వచ్చి పడింది. మన ‘కొల్లగొట్టడం’ దీనికి దగ్గర. ఇప్పుడు పెద్ద ఎత్తున, చాలాకాలం సాగేదానికి వాడతారు. ఇసుక, గనులు, అడవులు, ప్రభుత్వ ఖజానా. పిల్లేజ్ కూడా అదే వరస, కాస్త పుస్తకాల భాష. ఊళ్ల మీద మెరుపుదాడి చేసి దొరికింది పట్టుకుపోతే రెయిడ్. 1816లో పిండారీలనే దోపిడీ ముఠాలు గుంటూరు సహా కంపెనీ పాలనలోని తెలుగు ప్రాంతాల మీద పడి పది పన్నెండు రోజుల్లో 339 గ్రామాలను దోచారు, చరిత్ర పుస్తకాలు దాన్ని రెయిడ్ అనే అంటాయి. పట్టుకున్న నగరాన్ని సైన్యానికి వదిలేస్తే అది శాక్. సంచి అనే అర్థమున్న శాక్‌కు ఇది చుట్టమే, సంచులు నింపుకోవడం. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరానికి జరిగింది శాక్. అక్కడ నెలల తరబడి దోచారు, కాల్చారు, పగలగొట్టారు. ఉద్యోగంలోంచి పీకేయడాన్నీ శాక్ అనే అంటారు, వార్త చదివేటప్పుడు సందర్భం చూసుకోండి.

ర్యాన్‌శాక్‌ను చాలామంది దీనితో కలిపేస్తారు. అది వేరే. పాత స్కాండినేవియా భాషలో ‘ర్యాన్’ అంటే ఇల్లు, తర్వాతి ముక్కకు వెతకడమని అర్థం. బీరువా తెరిచి, చీరలు కిందపడేసి, బియ్యం డబ్బా బోర్లించి వెతకడం. ఏమీ పోకపోయినా ఇల్లు ర్యాన్‌శాక్ అయినట్టే. అందుకే ‘ద హౌస్ వాజ్ ర్యాన్‌శాక్డ్, బట్ నథింగ్ వాజ్ స్టోలెన్’ అనేది సరైన వాక్యం.

దోపిడీ దగ్గర ఒక హెచ్చరిక. వామపక్ష సాహిత్యంలో ‘దోపిడీ వ్యవస్థ’, ‘శ్రమ దోపిడీ’ అని చదువుతుంటాం. దాన్ని ఇంగ్లీషు చేస్తే రాబరీ అని రాయకండి, అది ఎక్స్‌ప్లాయిటేషన్. గ్రూప్స్ మెయిన్స్ రాసేవాళ్లు ‘రాబరీ ఆఫ్ లేబర్’ అని రాయడం నేను కళ్లారా చూశాను.

దోపిడీకీ విధ్వంసానికీ మధ్య గట్టు మీద కూర్చున్నది వాండలిజం. వాండల్స్ ఒక జర్మానిక్ తెగ. క్రీ.శ. 455లో వాళ్ల రాజు గైసెరిక్ రోమ్ నగరంలోకి వచ్చి రెండువారాల పాటు ఖాళీ చేశాడు. తమాషా ఏమిటంటే వాళ్లు ఎత్తుకుపోయిందే ఎక్కువ, పగలగొట్టింది తక్కువ. అయినా 1794లో, ఫ్రెంచి విప్లవకారులు కళాఖండాలను పగలగొడుతుంటే మండిపడ్డ గ్రెగ్వార్ అనే మతగురువు ఆ పనికి వాండలిజం అని పేరు పెట్టాడు. చచ్చిపోయిన తెగ, అడ్డు చెప్పేవాడెవడు? వాండలిజంలో చేసినవాడికి దక్కేదేమీ ఉండదు. గోల్కొండ గోడ మీద మేకుతో తన పేరూ పక్కన బాణం గుచ్చిన గుండె బొమ్మా చెక్కేవాడు లూట్ చేయడంలేదు, వాండలిజం చేస్తున్నాడు.

ఇక మీ రెండో వాక్యం. డెమాలిష్ అంటే పనిగట్టుకుని కూల్చడం, జేసీబీ పెట్టి అక్రమ కట్టడాన్ని కూల్చినట్టు. తుఫానుకు నోటీసు ఇచ్చే అలవాటు లేదు కాబట్టి డెస్ట్రాయ్ అనో డెవాస్టేట్ అనో అనండి. డెస్ట్రాయ్‌లో ఉన్నది కట్టడం అనే ధాతువే, స్ట్రక్చర్‌లో ఉన్నదీ అదే. కట్టినదాన్ని విప్పేయడం. డెవాస్టేట్‌లో ఉన్నది ఖాళీ, శూన్యం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తాక అక్కడ మిగిలింది ఆ ఖాళీయే, కాబట్టి దానికి డెవాస్టేటెడ్ సరిగ్గా సరిపోతుంది. డ్యామేజ్ అంటే దెబ్బతినడం, బాగుచేసుకోవచ్చు. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కు విశాఖ విమానాశ్రయం డ్యామేజ్ అయింది, డెస్ట్రాయ్ కాలేదు. ‘ఫుల్లీ డ్యామేజ్డ్’ అనేది మన ఆఫీసుల ఇంగ్లీషు.

డ్యామేజ్‌కు మీరు తగిలించిన ఆ బహువచనం ఇంకో ప్రమాదం. డ్యామేజెస్ అంటే కోర్టు ఇప్పించే నష్టపరిహారం. మీ వాక్యం ప్రకారం తుఫాను మీ ఊరికి పరిహారం కూడా తెచ్చిపెట్టింది. ‘ద సైక్లోన్ డెస్ట్రాయ్డ్ హౌసెస్ అండ్ కాజ్డ్ హెవీ డ్యామేజ్ ఇన్ అవర్ విలేజ్’ అనండి.

ఈ వరసలో పరీక్షల్లో దెబ్బతీసేవి మరికొన్ని ఉన్నాయి. రేజ్ (raze) అంటే నేలమట్టం చేయడం. పైకి లేపడానికి కూడా చెవికి అదే రేజ్ (raise), స్పెల్లింగు వేరు, అర్థం సరిగ్గా తలకిందులు. గడ్డం గీసే రేజర్ మొదటిదానికి చుట్టం అని గుర్తుపెట్టుకుంటే మర్చిపోరు. డెసిమేట్ అంటే రోమన్ సైన్యంలో తిరగబడ్డ దళంలో ప్రతి పదోవాణ్ని చంపడం. ఇప్పుడు చాలావరకు తుడిచిపెట్టడం అనే అర్థంలో వాడుతున్నారు, దాని మీద కొట్టుకోవడం అనవసరం. మిస్‌చీఫ్ అంటే ఇంట్లో పిల్లల అల్లరి, చట్టంలో మాత్రం ఆస్తికి కావాలని నష్టం చేయడం. కోర్టు వార్తలో ‘అల్లరి చేసినందుకు జైలు’ అని రాసినవాళ్లున్నారు.

హావక్‌ది మరీ విచిత్రమైన కథ. ఒకప్పుడు అది సైన్యంలో కేక. ‘హావక్’ అని అరిస్తే ఇక యుద్ధం ఆపి దోచుకోండి అని అర్థం. గెలవకముందే ఎవడో అరిస్తే వరస చెదిరి కొంప మునుగుతుందని, 1385లో ఇంగ్లండు రాజు రెండో రిచర్డ్ ఆ కేక వేసినవాడి తల తీయిస్తానని ఉత్తర్వు ఇచ్చాడు. ఇప్పుడు తుఫానులు, వైరస్‌లు, మా పక్కింటి బాబు అందరూ హావక్ చేస్తున్నారు. దాని ముందు వచ్చే క్రియను (wreak) ‘రెక్’ అని పలక్కండి, అది ‘రీక్’.

మూడో వాక్యంలో థగ్. హిందీ ఠగ్ అంటే మోసగాడు. బాటసారులతో స్నేహం నటించి, రుమాలుతో ఉరిబిగించి చంపే ముఠాలుగా ఠగ్గులను 1830లలో కంపెనీ అధికారి విలియం స్లీమన్ వేటాడాడు. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో వాళ్లమీద నవల రాశాక మాట ఇంగ్లండులో ఇంటింటికీ పాకింది. అలా పాకేటప్పుడు మోసం జారిపోయి హింస మిగిలింది. ఇవాళ ఇంగ్లీషులో థగ్ అంటే కండలున్న రౌడీ. ఫోన్లో తీయగా మాట్లాడి ఓటీపీ చెప్పించుకున్నవాడు పాత హిందీ లెక్కన ఠగ్గే, ఇంగ్లీషు లెక్కన స్కామర్. లూట్ కూడా అక్కడ అతకదు, గుంపూ లేదు, గందరగోళమూ లేదు, మీ నోటితోనే చెప్పించుకున్నారు. ‘స్కామర్స్ ట్రిక్డ్ మీ ఇంటూ షేరింగ్ ఏన్ ఓటీపీ అండ్ ఎంప్టీడ్ మై అకౌంట్’ అంటే సరిపోతుంది.

మీరు వాక్యం కోసమే రాశారో, నిజంగానే జరిగిందో నాకు అర్థం కాలేదు. నిజంగా జరిగి ఉంటే ఇంగ్లీషు సంగతి తర్వాత చూసుకుందాం, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తెలుగులోనే చెప్పండి.